ఏ రిజిస్టరును ఏ తేదీన మూసేస్తారు? సంస్థల పాలకవర్గాలకు ఒక బహిరంగ లేఖ

సంస్థల పాలకవర్గ సభ్యులకు, సాఫ్ట్‌వేర్ కొనుగోలు ఫైళ్ల మీద ఆఖరి సంతకం చేసే అధికారులకు,

నమస్కారములు.

ఇరవై రెండేళ్లుగా నేను లెక్కల విభాగాల్లో పనిచేస్తున్నాను. మొదటి పదేళ్లు వోచర్లు రాశాను, బిల్లులు సరిచూశాను, నెలాఖరున బ్యాంకు నిల్వకూ మా పుస్తకానికీ పొంతన కుదరక అర్ధరాత్రి దాకా కూర్చున్నాను. ఆ తరువాతి కాలమంతా, కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టేటప్పుడు సంస్థ తరఫున ఏర్పాటయ్యే బృందాల్లో ఉన్నాను. అంటే మీరు సంతకం చేసిన కాగితం కింది అంతస్తులకు దిగి వచ్చాక దాని గతి ఏమవుతుందో దగ్గరి నుంచి చూసే చోట ఉన్నాను. సాఫ్ట్‌వేర్ వద్దని చెప్పడానికి ఈ లేఖ రాయడం లేదు. దాని వల్ల సంస్థలకు జరగగల మేలు మీద నాకు మీకంటే ఎక్కువ నమ్మకమే ఉందనుకుంటాను. పెట్టిన డబ్బుకు తగినంతగా ఆ మేలు ఎందుకు కనబడటం లేదో, దానికి మీరు మాత్రమే చేయగలిగిన పని ఏమిటో విన్నవించుకోవడానికి రాస్తున్నాను.

నేను పనిచేసిన ఒక సంస్థలో సరుకు దించుకునే గేటు దగ్గర ఒక గుమాస్తా ఉండేవారు. లారీ రాగానే ఆయన అట్టబైండు రిజిస్టరులో తేదీ, బండి నంబరు, సరఫరాదారు పేరు, పెట్టెల సంఖ్య రాసుకునేవారు. స్టోర్స్ అధికారి సాయంత్రానికల్లా అడుగుతారు కాబట్టి అవే వివరాలు మళ్లీ ఎక్సెల్ షీటులో కొట్టేవారు. కొత్తగా వచ్చిన సాఫ్ట్‌వేర్‌లో సరుకు స్వీకరణ అనే పేజీ తెరిచి మూడోసారి నింపేవారు. ఆ పేజీని ప్రింటు తీసి, సంతకం పెట్టి, తారీఖుల వారీగా ఫైలులో గుచ్చేవారు. సాఫ్ట్‌వేర్ రాకముందు రెండుసార్లు చేసిన పని, వచ్చాక నాలుగుసార్లు చేస్తున్నారన్నమాట. ఆ సంవత్సరపు వార్షిక నివేదికలో మాత్రం స్టోర్స్ విభాగం పూర్తిగా కంప్యూటరీకరణ అయినట్టు ఒక పేరా ఉంది, పక్కన ఫోటో కూడా ఉంది. ఒకరోజు ఆయన నన్ను, "సార్, ఇది వచ్చాక నాకు తగ్గిన పని ఏదో ఒక్కటి చెప్పండి" అని అడిగారు. ఆ ప్రశ్నలో వ్యంగ్యమేమీ లేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

ఆ రిజిస్టరును ఎందుకు మూయలేదని తరువాత ఆరా తీశాను. అంతర్గత ఆడిట్ వారు తనిఖీకి వచ్చినప్పుడు రిజిస్టరే అడుగుతారని స్టోర్స్ వారు చెప్పారు. స్టోర్స్ వారు రిజిస్టరు ఇస్తున్నారు కాబట్టే దాన్ని చూస్తున్నామని ఆడిట్ వారు చెప్పారు. ఎక్సెల్ షీటు ఎందుకంటే, సాఫ్ట్‌వేర్ ఇచ్చే రిపోర్టులో స్టోర్స్ అధికారికి కావలసిన ఒక వరుస లేదు. ఆ వరుస చేర్చమని సాఫ్ట్‌వేర్ కంపెనీ వారిని అడిగే అధికారం ఆయనకు లేదు. ఇందులో బద్ధకస్తుడు ఒక్కరూ లేరు, దురుద్దేశం ఉన్నవారూ లేరు. ఉన్న చిక్కల్లా ఒక్కటే. ఏ సంస్థలోనైనా కొత్త పని చేర్చే అధికారం ప్రతి మెట్టు మీదా ఉంటుంది, పాత పనిని ఆపమని చెప్పే అధికారం మాత్రం అన్నిటికంటే పై మెట్టు మీదే ఉంటుంది. ఆ మెట్టు మీద ఉన్నది మీరు. అందుకే ఈ లేఖ సాఫ్ట్‌వేర్ కంపెనీలకు కాక మీకు రాస్తున్నాను.

సాఫ్ట్‌వేర్ వల్ల సంస్థకు ఒనగూరే లాభంలో ఎక్కువ భాగం ఉన్న పని వేగంగా జరగడం వల్ల రాదు, కొంత పని అసలు లేకుండా పోవడం వల్ల వస్తుంది. ఇది నేను కనిపెట్టిన సంగతి కాదు. వ్యాపార పనికి కంప్యూటర్‌ను వాడిన మొట్టమొదటి సంస్థకే ఈ సంగతి తెలుసు.

ఆ సంస్థ బ్రిటన్‌లో తేనీటి దుకాణాలు నడిపిన జె. లయన్స్ అండ్ కంపెనీ. 1947లో ఆ కంపెనీ అధికారులు ఇద్దరు అమెరికా వెళ్లి, అక్కడ లెక్కలు కట్టే కొత్త యంత్రాలను గురించి తెలుసుకుని వచ్చారు. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో తయారవుతున్న ఎడ్‌శాక్ యంత్రానికి కంపెనీ ఆర్థిక సాయం చేసి, ఆ నమూనా మీద లియో అనే సొంత కంప్యూటర్‌ను కట్టుకుంది. 1951 నవంబరులో అది బేకరీ లెక్కలు చేయడం మొదలుపెట్టింది. జీతాల లెక్కలో అనుభవజ్ఞుడైన గుమాస్తాకు ఒక ఉద్యోగి జీతం కట్టడానికి 8 నిమిషాలు పడితే, లియోకు 1.5 సెకను పట్టిందని చెబుతారు. అందరూ గుర్తుపెట్టుకునేది ఈ అంకెనే. నాకు అంతకంటే గొప్పగా తోచేది దుకాణాల ఆర్డర్ల విషయంలో వారు చేసిన ఏర్పాటు. ప్రతి దుకాణానికీ వారంలో ఒక్కొక్క రోజుకూ మామూలుగా కావలసిన సరుకు పట్టికను యంత్రానికి ముందే ఇచ్చి పెట్టారు. దుకాణం నడిపే ఆమె మొత్తం జాబితా చెప్పనవసరం లేదు. మర్నాటికి ఆ పట్టికలో ఏమైనా మార్పు కావాలంటే, ఆ మార్పు వరకే ఫోనులో చెబితే చాలు. ఫోను ఎత్తిన గుమాస్తా అది వింటూ వింటూనే యంత్రం చదవగలిగే చిల్లుల కార్డు మీద కొట్టేది. యంత్రం ఎంత వేగంగా కూడుతుందన్నది ఇక్కడ రెండో మాట. మారనిదాన్ని మళ్లీ చెప్పించకూడదని ముందుగా ఒకరు ఆలోచించారు, అది మొదటి మాట. అలా ఆలోచించడానికి వీలుగా ఆ కంపెనీ 1930ల తొలినాళ్లలోనే, అంటే కంప్యూటర్ చేతికి రావడానికి దాదాపు ఇరవై ఏళ్ల ముందే, ఆఫీసు పనుల తీరును పరిశీలించి అనవసరమైన కాగితాన్ని తీసివేయడానికి ఒక ప్రత్యేక విభాగం పెట్టుకుంది. మనం సామాన్యంగా ఆ విభాగాన్ని వదిలేసి యంత్రాన్ని మాత్రం కొంటున్నాం.

ఫోర్డ్ మోటార్ కంపెనీ అనుభవం ఇంకా సూటిగా ఉంటుంది. 1980ల ఆరంభంలో ఉత్తర అమెరికాలో ఆ కంపెనీ సరఫరాదారులకు చెల్లింపులు చేసే విభాగంలో 500 మందికి పైగా పనిచేసేవారు. కంప్యూటర్లు పెట్టి ఆ సంఖ్యను ఐదో వంతు తగ్గించవచ్చునని మొదట లెక్క వేసుకున్నారు. అంతలో జపాన్‌కు చెందిన మాజ్దా కంపెనీలో అదే పనిని ఐదుగురు చేస్తున్నారని తెలిసింది. మాజ్దా చిన్న కంపెనీయే, ఆ సంగతి లెక్కలోకి తీసుకున్నా తేడా కంప్యూటర్లతో పూడ్చుకునేంతది కాదు. ఫోర్డ్ గుమాస్తాల కాలం ఎక్కువగా ఎక్కడ ఖర్చవుతోందో చూస్తే, కొనుగోలు ఆర్డరు, సరుకు అందిన రసీదు, సరఫరాదారు పంపిన బిల్లు అనే మూడు కాగితాలూ ఒకదానితో ఒకటి సరిపోలనప్పుడు ఆ తేడా ఎక్కడుందో వెతకడంలో ఖర్చవుతోంది. ఆ వెతుకులాటను వేగవంతం చేసే యంత్రాన్ని కొనవచ్చు. వారు అలా చేయకుండా, మూడో కాగితాన్నే తీసివేశారు. ఆర్డరు డేటాబేసులో, అంటే కంప్యూటర్‌లోని ఉమ్మడి నమోదులో, ఉంటుంది, సరుకు వచ్చినప్పుడు గేటు దగ్గరి మనిషి ఆ ఆర్డరుతో పోల్చి చూస్తాడు, సరిపోతే చెల్లింపు బయలుదేరుతుంది, సరిపోకపోతే సరుకే వెనక్కి వెళుతుంది, బిల్లు పంపమని ఎవరూ అడగరు. ఆ విభాగంలో మనుషుల అవసరం 75 శాతం తగ్గింది.

మీరు గమనించే ఉంటారు, ఫోర్డ్‌లో కీలకమైన మనిషి గేటు దగ్గర ఉన్నాడు. మా సంస్థలో నాలుగుసార్లు అదే వివరం రాసిన మనిషి ఉన్నదీ గేటు దగ్గరే.

అక్కడ కనబడిన లాభం మన దగ్గర ఎందుకు కనబడటం లేదో కారణం చెప్పుకోవాలంటే కరెంటు కథ దాకా వెనక్కి వెళ్లాలి. న్యూయార్క్‌లో ఎడిసన్ విద్యుత్ కేంద్రం మొదలైంది 1882లో. కరెంటు వల్ల ఫ్యాక్టరీల ఉత్పాదకత గట్టిగా పెరిగినట్టు కనబడింది 1920లలో. మధ్యలో నలభై ఏళ్ల ఆలస్యం ఎందుకు జరిగిందో ఆర్థిక చరిత్రకారుడు పాల్ డేవిడ్ 1990లో వివరించాడు. ఆవిరి యంత్రం ఉన్న రోజుల్లో ఫ్యాక్టరీ అంతటికీ ఒకే పెద్ద ఇరుసు తిరిగేది, దాని నుంచి బెల్టులు వేసి అన్ని యంత్రాలనూ తిప్పేవారు. కరెంటు వచ్చాక చాలామంది యజమానులు ఆవిరి యంత్రాన్ని తీసేసి, దాని స్థానంలో ఒక పెద్ద మోటారు బిగించి, ఇరుసునూ బెల్టులనూ ఉన్నవి ఉన్నట్టే ఉంచారు. ఒక్కొక్క యంత్రానికి ఒక్కొక్క చిన్న మోటారు పెట్టి, యంత్రాలను ఇరుసుకు దగ్గరగా కాకుండా పని నడిచే వరుసలో అమర్చుకున్న తరువాతే కరెంటు లాభం బయటపడింది. కంప్యూటర్ల యుగం అన్ని చోట్లా కనబడుతోంది, ఉత్పాదకత గణాంకాల్లో తప్ప, అనే అర్థం వచ్చేలా ఆర్థికవేత్త రాబర్ట్ సోలో 1987లో ఒక చురక వేశాడు. పాల్ డేవిడ్ చెప్పింది ఆ చురకకు సమాధానమే. మన ఆఫీసుల్లో ఆ పాత ఇరుసు అట్టబైండు రిజిస్టరు రూపంలో తిరుగుతూనే ఉంది.

సాఫ్ట్‌వేర్ నిజంగా ఎక్కడ రాణిస్తుందో కూడా చెప్పాలి, లేకపోతే నేను చాదస్తపు గుమాస్తాలా కనబడతాను. చాలా చోట్ల ఉన్న చాలామందికి ఒకే సంగతి ఒకే సమయంలో తెలియవలసి వచ్చినప్పుడు దానికి సాటి వచ్చేది మరొకటి లేదు. విమానంలో ఒక సీటు ఖాళీగా ఉందో లేదో అన్న విషయమే తీసుకోండి. అమెరికన్ ఎయిర్‌లైన్స్‌లో 1950లలో ఒక్కొక్క ప్రయాణానికి ఒక్కొక్క కార్డు ఉండేది. గుండ్రంగా తిరిగే అరల చుట్టూ గుమాస్తాలు కూర్చుని, కార్డు తీసి, గుర్తు పెట్టి, మళ్లీ అక్కడే ఉంచేవారు. ఒక టికెట్ పని పూర్తికావడానికి సగటున గంటన్నర పట్టేది. కంప్యూటర్ల కంపెనీ ఐబీఎంతో కలిసి వారు తయారుచేసుకున్న సేబర్ అనే టికెట్ల వ్యవస్థ 1964 నాటికి దేశమంతటా పనిలోకి దిగాక, అదే పని సెకన్లకు దిగింది. ఇక్కడ కూడా జరిగింది ఏమిటంటే, ఆ సీటు సంగతి ఒకే చోట రాసి ఉండటం, అందరూ ఆ ఒక్కచోటే చూడటం. ఒక వాస్తవాన్ని ఒకే చోట నమోదు చేయాలి, మిగతావారంతా దాన్ని అక్కడి నుంచే చదువుకోవాలి అన్న ఈ సూత్రానికి 1970లో ఐబీఎం పరిశోధకుడు ఎడ్గర్ కాడ్ గణితపు పునాది వేశాడు. నేడు వ్యాపార సంస్థలు వాడే డేటాబేసుల్లో అధిక భాగం ఆయన వేసిన దారిలోనే నడుస్తున్నాయి.

ఆ సూత్రాన్ని డేటాబేసు పాటిస్తుంది, దాన్ని వాడే సంస్థే పాటించదు. ఒక సరఫరాదారు పేరు కొనుగోలు విభాగంలో ఒకలా, స్టోర్స్‌లో ఇంకోలా, లెక్కల విభాగంలో చివర చుక్క పెట్టి మూడోలా నమోదై ఉండటం నేను పనిచేసిన దాదాపు ప్రతి చోటా చూశాను. సాఫ్ట్‌వేర్‌కు ఆ మూడూ మూడు వేర్వేరు కంపెనీలు. ఒకే బిల్లుకు రెండుసార్లు డబ్బు వెళ్లిపోవడం ఇలాగే జరుగుతుంది, ఏడాది ఆఖరున ఎవరో ఓపికమంతులు పట్టుకుంటే తప్ప బయటపడదు. కొత్త సరఫరాదారు పేరు చేర్చే అధికారం ఎవరికి ఉండాలి, కొత్త వస్తువుకు కోడు ఎవరు ఇవ్వాలి అన్న చిన్న నిర్ణయాలు సాఫ్ట్‌వేర్ ధర కంటే ముఖ్యమైనవని చెప్పడానికి నాకు సంకోచం లేదు. ఆ నిర్ణయాలు సాఫ్ట్‌వేర్ పెట్టడానికి వచ్చిన కుర్రవాళ్లు చేయలేరు. గడువు దగ్గరపడుతుంటే వాళ్లు పాత ఎక్సెల్ షీటులో ఉన్న చెత్తనంతా తెచ్చి కొత్త దానిలో పోసేసి వెళ్లిపోతారు. వాళ్ల తప్పూ కాదు.

ఇక ఎర్ర చుక్క గుర్తుల గురించి. పేజీలో తప్పనిసరిగా నింపవలసిన గడి పక్కన ఆ గుర్తు ఉంటుంది. కాగితం ఫారం రోజుల్లో ఒక గడి చేర్చాలంటే ప్రెస్సుకు పంపి కొత్త ఫారాలు అచ్చు వేయించాలి, పాతవి పారేయాలి. ఆ ఖర్చుకు భయపడి అయినా ఆలోచించేవారు. ఇప్పుడు గడి చేర్చడానికి ఒక నిమిషం చాలు. పై ఆఫీసులో ఎవరికో ఒక సమావేశంలో ఒక అంకె కావలసి వస్తుంది, మర్నాటికి కింద ఒక గడి పుడుతుంది. ఆ గడి నింపడానికి 12 సెకన్లు పడుతుందనుకోండి, రోజుకు ఒక్కొక్కరు 50 ఎంట్రీలు చేస్తారనుకోండి, ముప్పై మంది ఉన్నారనుకోండి. రోజుకు సరిగ్గా ఐదు గంటల మనుషుల కాలం ఆ గడికి ఆహుతి అవుతుంది. గడి అడిగిన అధికారికి ఆ ఐదు గంటలు ఏ లెక్కలోనూ కనబడవు. మీకు వీలైతే ఒకసారి అలాంటి గడిలో నిజంగా ఏం నింపుతున్నారో చూడండి. ఒక చుక్క, ఒక గీత, లేదా వరుసగా తొమ్మిది సున్నాలు కనబడతాయి. దాన్ని చూసి సిబ్బందికి క్రమశిక్షణ లేదని నిర్ణయించకండి. ఆ చుక్క నిజానికి మీకు చేరని ఒక అర్జీ.

ఆమోదాల సంగతీ అంతే. మూడు సంతకాలతో కదిలిన ఫైలు, సాఫ్ట్‌వేర్ వచ్చాక ఏడుగురి లాగిన్‌ల గుండా వెళ్లడం చూశాను. ఇంకొకరిని చేర్చడం తేలిక కాబట్టి చేర్చారు, పైగా చేర్చకపోతే ఆ ఇంకొకరు నొచ్చుకుంటారు. ఏడుగురిలో ఎవరూ బిల్లు తెరిచి చూడలేదని ఆ వ్యవస్థలోనే నమోదై ఉన్న సమయాలు చెబుతున్నాయి. ఒకాయన ఒకే నిమిషంలో పద్దెనిమిది బిల్లులకు ఆమోదం తెలిపారు.

కొనేముందు మీకు చూపించే డెమో గురించి ఒక మాట. అందులో ఎప్పుడూ మూడే వస్తువులుంటాయి, ఆర్డరిచ్చినవన్నీ వస్తాయి, వచ్చినవన్నీ బాగుంటాయి. ఈసారి వారిని ఒక్క పని చేసి చూపించమనండి. వంద పెట్టెలకు ఆర్డరిచ్చాం, 97 వచ్చాయి, వాటిలో రెండు పగిలి ఉన్నాయి, బిల్లు మాత్రం వందకూ వచ్చింది, ఆ మర్నాడు విడిగా మిగిలిన మూడూ వచ్చాయి. ఇదంతా అయ్యాక సరఫరాదారుకు మనం ఎంత చెల్లించాలో, స్టాకులో ఎన్ని ఉన్నాయో ఎన్ని పేజీలు తిరిగితే చెప్పగలరో అడగండి. మామూలు రోజును ఏ సాఫ్ట్‌వేర్ అయినా నడపగలదు. మా పనిదినంలో సగం మామూలు కాని వాటితోనే గడుస్తుంది. ఆ ప్రశ్న అడగడానికి గేటు దగ్గరి గుమాస్తాను డెమోకు పిలవడం ఇంకా మంచిది, ఆయన ఇంతకంటే కష్టమైనవి అడుగుతారు.

ఎక్సెల్ అంటే చాలామంది పెద్దలకు చిన్నచూపు. నాకు లేదు. 1979లో డాన్ బ్రిక్‌లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ తయారుచేసిన విసికాల్క్ అనే, ఎక్సెల్ లాంటి లెక్కల పట్టిక సాఫ్ట్‌వేర్ మొదలుకొని ఈనాటి వరకు, ఎవరి అనుమతీ అడగకుండా ఒక సామాన్య ఉద్యోగి తన పనిని తానే సులువు చేసుకోగలిగిన సాధనం ఇంత గొప్పది మరొకటి రాలేదు. అయితే ఒకరి బల్ల మీద ఉండవలసినది సంస్థ మొత్తానికి ఆధారమైతే ప్రమాదం. 2020లో ఇంగ్లండులో వారం రోజుల పాటు 15,841 కోవిడ్ కేసులు రోజువారీ లెక్కలోకి ఎక్కకుండా పోయాయి. ప్రయోగశాలల నుంచి వచ్చిన ఫలితాలను పాత ఎక్సెల్ రూపంలోకి మారుస్తుండగా, ఆ రూపంలో 65,536 వరుసలకు మించి పట్టవు కాబట్టి, మిగిలినవి చప్పుడు చేయకుండా రాలిపోయాయి. వాటితో పాటు ఆ రోగులను కలిసినవారికి చేరవలసిన హెచ్చరికలూ ఆలస్యమయ్యాయి. మీ సంస్థలో ఎక్సెల్ షీట్లను నిషేధిస్తూ ఉత్తర్వు ఇవ్వమని నేను చెప్పడం లేదు. ఇస్తే అవి పెన్‌డ్రైవుల్లోకి పారిపోతాయి. ఎక్కడెక్కడ ఎవరు ఏ షీటు రహస్యంగా నడుపుతున్నారో ఒక జాబితా తీయించండి. మీరు కొన్న సాఫ్ట్‌వేర్ ఎక్కడెక్కడ కొరగాకుండా ఉందో చెప్పే పటం అదే.

ఇంతకంటే బరువైన సంగతి ఒకటుంది. సాఫ్ట్‌వేర్ చెప్పిందే సత్యమని సంస్థ పట్టుబడితే ఏమవుతుందో బ్రిటన్ పోస్టాఫీసుల కథ చెబుతుంది. అక్కడ 1999 నుంచి శాఖల లెక్కల కోసం హొరైజన్ అనే వ్యవస్థను ప్రవేశపెట్టారు. శాఖలు నడిపేవారి లెక్కల్లో అది లేని లోటు చూపించడం మొదలుపెట్టింది. తప్పు మాది కాదు మొర్రో అని వారు మొత్తుకున్నా, యంత్రం తప్పు చేయదని పోస్టాఫీసు నమ్మింది. 2015 వరకు 900 మందికి పైగా దొంగతనం, దొంగలెక్కల వంటి నేరాలకు శిక్షలు పడ్డాయి, కొందరు జైలుకు వెళ్లారు, కొందరు ఆస్తులు అమ్ముకుని లేని లోటును పూడ్చారు. ఆ వ్యవస్థలో దోషాలు ఉన్నాయని, అవి శాఖల లెక్కలను తారుమారు చేయగలవని 2019లో హైకోర్టు తేల్చింది. 2024లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి ఆ శిక్షలను రద్దు చేయవలసి వచ్చింది. ఈ కథలో నన్ను వణికించేది సాఫ్ట్‌వేర్ దోషం కాదు, దోషం లేని సాఫ్ట్‌వేర్ ఎక్కడా ఉండదు. తన లెక్క తప్పని చెబుతున్న యంత్రంతో వాదించడానికి ఆ శాఖ నడిపే మనిషి చేతిలో ఏ ఆధారమూ లేకపోవడం నన్ను వణికిస్తుంది. ఎంట్రీ ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, తరువాత ఎవరు మార్చారు అన్న చిట్టాను కింది ఉద్యోగి కూడా చూడగలగాలి. తప్పు అని అనుమానం వస్తే రాతపూర్వకంగా ఫిర్యాదు చేసే దారి ఉండాలి, ఆ ఫిర్యాదు మీద విచారణ పూర్తయ్యే వరకు ఆ మనిషి జీతంలో పైసా కోయకూడదు. రిజిస్టరును మూసేయమని ఇంత గట్టిగా అడుగుతున్న నేనే, రిజిస్టరు ఇచ్చిన ఈ ఒక్క రక్షణను కొత్త వ్యవస్థలో కూడా ఉంచమని అంతే గట్టిగా అడుగుతున్నాను. తన చేతిరాతను గుమాస్తా గుర్తుపట్టగలడు, దాన్ని మరొకరు దిద్దితే కూడా గుర్తుపట్టగలడు.

ముహూర్తం గురించి ఎక్కువ చెప్పను. అమెరికాలో హెర్షీ అనే చాక్లెట్ల కంపెనీ 1999లో కొత్త వ్యవస్థను పండగ ఆర్డర్ల సీజను ముందు ప్రారంభించి, సరుకు ఉండి కూడా 10 కోట్ల డాలర్ల విలువైన ఆర్డర్లను పంపలేకపోయింది. సంవత్సరంలో పని అతి తక్కువగా ఉండే నెల ఏదో మీ లెక్కల విభాగాన్ని అడిగితే చెబుతుంది. ఏటా కట్టే లైసెన్సు రుసుముల సంగతి కూడా మీకు తెలిసిందే. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ ఉండదు.

ఉద్యోగాల మాట దాటవేస్తే ఈ లేఖ నిజాయితీగా ఉండదు. ఫోర్డ్‌లో 75 శాతం తగ్గిందని చెప్పుకున్నాం, తగ్గినవారూ మనుషులే. పని తగ్గితే తన కుర్చీ పోతుందని తెలిసిన ఉద్యోగి ఆ పనిని తగ్గనివ్వడు. తన రిజిస్టరును, తన ఎక్సెల్ షీటును, తనకు మాత్రమే తెలిసిన ఆ కోడు నంబర్లను ప్రాణంలా కాపాడుకుంటాడు. నేనైనా అదే చేస్తాను. మిగిలే కాలంతో ఏం చేయిస్తారో ముందే చెప్పండి. మా గేటు గుమాస్తాకు ఏ సరఫరాదారు సరుకు ఎప్పుడు తక్కువ వస్తుందో, ఏ డ్రైవరు పెట్టెలను ఎలా దించుతాడో నోటి మీద ఉండేది. ఆ జ్ఞానానికి ఏ పేజీలోనూ గడి లేదు. ఒకే అంకెను నాలుగు చోట్ల రాసే పని తీసేస్తే, సరఫరాదారులతో మాట్లాడి ఆ తక్కువలను ఆపగలిగే మనిషి మీకు దొరికేవారు. కొత్తగా ఎవరినీ తెచ్చుకోనవసరం లేదు.

కాబట్టి నా విన్నపం ఇది. సాఫ్ట్‌వేర్ కొనుగోలు ప్రతిపాదన మీ బల్ల మీదికి వచ్చినప్పుడు, అందులో కొత్తగా రాబోయే సౌకర్యాల జాబితా నలభై పేజీలు ఉంటుంది. దానికి ఒక పేజీ జోడించే వరకు సంతకం పెట్టకండి. ఆ పేజీలో, ఈ సాఫ్ట్‌వేర్ వచ్చాక ఆగిపోయే రిజిస్టర్లు, షీట్లు, ఫారాలు, సంతకాలు ఏవి, ఒక్కొక్కటి ఏ తేదీన ఆగిపోతుంది, దాన్ని ఆపే ఉత్తర్వు మీద ఎవరు సంతకం చేస్తారు అన్నవి రాసి ఉండాలి. రెండూ కలిసి నడిచే కాలం కొంత ఉండాలని నాకు తెలుసు. ఉండనివ్వండి, కానీ దానికీ ఒక ఆఖరి తేదీ రాయించండి. ఆడిట్ వారితో ఆ పేజీ మీద ముందే సంతకం చేయించండి, తరువాత వారు పాత పుస్తకం అడగకుండా. ఆ పేజీ ఖాళీగా వస్తే, మీరు కొనబోతున్నది ఐదోసారి రాసే పనిని అని అర్థం. సంతకం చేసే ముందు మీలో ఒక్కరైనా ఒక్క పూట గేటు దగ్గర ఆ గుమాస్తా పక్కన కుర్చీ వేసుకుని కూర్చోండి. ముందుగా కబురు చేయకుండా వెళ్లండి, చేస్తే ఆ పూటకు రిజిస్టరును బీరువాలో దాచేస్తారు.

మా సంస్థలో ఆ రిజిస్టరు చివరికి మూతపడింది. మూసేసిన తరువాత కూడా మా గుమాస్తా వారం రోజులు జేబులో ఒక కాగితం పెట్టుకుని బండి నంబర్లు రాసుకున్నారు. ఎనిమిదో రోజున ఒక సరఫరాదారు సరుకు పంపానని, మీరే పోగొట్టారని తగాదాకు దిగితే, సాఫ్ట్‌వేర్‌లోని నమోదు చూపించి తేల్చేశారు. ఆ కాగితం మళ్లీ కనబడలేదు. మూసేయడానికి కావలసి వచ్చిందల్లా ఫలానా తేదీ నుంచి గేటు రిజిస్టరు రాయనవసరం లేదని, ఆడిట్‌కు సాఫ్ట్‌వేర్‌లోని నమోదే ఆధారమని చెప్పే రెండు వరుసల సర్క్యులర్. దాని మీద పై సంతకం సంపాదించడానికి మాకు పదకొండు నెలలు పట్టింది. కొనుగోలు ఆర్డరు మీద సంతకం చేసిన కలమే, అదే రోజున, ఆ రెండు వరుసల కింద కూడా సంతకం చేసి ఉండవచ్చు.

భవదీయుడు,
లెక్కల విభాగంలో పనిచేసే ఒక ఉద్యోగి